అద్దంలో ఎడమచేతి వాటం

మా ఆయన వెండెల్ ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళి బుద్ధిగా ప్రార్థన చేసుకునే మనిషే. కానీ నిజంగా భయపడేది మాత్రం సుద్దగీతకి. బేస్‌బాల్ మైదానంలో గీసే తెల్లగీతని ఆయన పాదం తాకి ఇరవై ఏళ్ళు దాటింది. గీత దగ్గరికి రాగానే బురదగుంట దాటే కోడిలా కాలెత్తి అవతల వేస్తాడు. తొక్కితే జట్టు ఓడిపోతుందట. తొక్కకుండానే ఓడిపోతోంది కదా అని ఒకసారి అన్నాను. ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

ఆయన కార్వెల్ కాలేజీ జట్టుకి కోచ్. అయోవాలో మొక్కజొన్న చేల మధ్య చర్చివాళ్ళు కట్టిన చిన్న కాలేజీ మాది. చుట్టుపక్కల కాలేజీల జట్లన్నిటికీ పులులు, డేగలు, తోడేళ్ళు గుర్తులు. మా కుర్రాళ్ళ టోపీల మీద మాత్రం నాగలి బొమ్మ. వచ్చిన ప్రతివాడూ మమ్మల్ని దున్నేసి పోతుంటాడు కాబట్టి గుర్తు సరిపోయిందనే చెప్పాలి. నేను ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తాను. బాధతో తిక్కతిక్కగా మాట్లాడేవాళ్ళకి మర్యాదగా జవాబు చెప్పడం నా పని. ఇంటికొచ్చాక ఆ మర్యాద పాటించాలని ఎవరూ నాకు జీతమివ్వరు.

సోరెన్ మాకు ఒక్కగానొక్క కొడుకు. తండ్రి దగ్గరే ఆడతానని వేరే కాలేజీలు పిలిచినా వెళ్ళకుండా కార్వెల్‌లోనే చేరాడు. కోచ్ కొడుకైతే జట్టులో చోటు సులువుగా దొరుకుతుందని లోకం అనుకుంటుంది. లోకానికి వెండెల్ తెలీదు. కొడుకుని వెనకేసుకొస్తున్నాడని ఎవరైనా అంటారేమోనని మూడేళ్ళపాటు వాణ్ణి బెంచీ మీదే కూర్చోబెట్టాడు. ఆ మూడేళ్ళూ నేను చలిలో, వానలో ఇనప మెట్ల మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, మా వాడు కూర్చోవడం చూశాను. చాలా బాగా కూర్చునేవాడు. నాలుగో ఏడు, అంటే ఆఖరి ఏడు, కొట్టేవాడి వెనక కూర్చుని బంతి పట్టే కేచర్ కుర్రాడు మోకాలు విరగ్గొట్టుకున్నాడు. పాపం అనాలి, అన్నాను కూడా. ఆ చోటు మా వాడికొచ్చింది. నా బిడ్డ ఆడుతుంటే కళ్ళారా చూడాలి, ఆ ఏడాదికి నాకదొక్కటే కోరిక.

మైదానంలో సోరెన్ తండ్రిని నాన్నా అని పిలవకూడదు. కోచ్ అనాలి. అది వెండెల్ పెట్టిన నియమం. మార్చి వచ్చేసరికి అది ముదిరి, భోజనాల బల్ల దగ్గర కూడా, "కోచ్, బంగాళదుంపలు ఇటివ్వు" అనే దాకా వచ్చింది. ఆయన ఇచ్చేవాడు. ఇచ్చేముందు వాడి భుజం ఎలా ఉందని అడిగేవాడు.

ఫిబ్రవరిలో మా దగ్గర నేల రాయిలా ఉంటుంది కాబట్టి జట్టు బస్సెక్కి ఫ్లోరిడా వెళ్ళి అక్కడ సీజను మొదలుపెడుతుంది. వెళ్ళారు, ఎండకి ముక్కులు మాడ్చుకున్నారు, ఆడినవన్నీ ఓడిపోయి వచ్చారు. వచ్చాక మైదానంలో పేరుకున్న మంచుని పారలతో ఎత్తిపోసుకుని మరీ ఓడిపోయారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వెండెల్ ఒకరోజు గాలి తప్పన్నాడు, ఇంకోరోజు అంపైరు కళ్ళు తప్పన్నాడు, మరోరోజు తను కొత్త సాక్సులు వేసుకోవడమే కొంప ముంచిందన్నాడు. బంతి వస్తే కుర్రాళ్ళు కళ్ళు మూసుకుంటున్నారన్న సంగతి మాత్రం ఎత్తలేదు.

అలాంటి రోజుల్లో, మార్చి ఆఖర్న, నాకు జలుబు చేసింది. మెట్ల మీద కూర్చుంటే నెమ్ము చేస్తుందని కారులోంచే చూద్దామనుకున్నాను. మైదానం ఎడమ కొసన, లెఫ్ట్ ఫీల్డ్ కంచె అవతల గడ్డిలో రైతులు తమ ట్రక్కులు నిలుపుకుని ఆట చూస్తుంటారు. నేనూ అక్కడే ఆపాను. సాయంత్రం మళ్ళీ పళ్ళ డాక్టరు దగ్గర పనికి వెళ్ళాలి, త్వరగా బయటపడాలని కారు మూతి రోడ్డు వైపు, వెనక భాగం మైదానం వైపు పెట్టాను. ఆటని వెనకద్దంలో చూస్తూ, పొద్దున చేసుకున్న గుడ్డు సాండ్‌విచ్ తింటూ కూర్చున్నాను. ఆట ఆఖర్లో తుమ్ములు మొదలయ్యాయి. వెనక సీట్లో ఉన్న కాగితం రుమాళ్ళ పెట్టె కోసం అటు తిరగబోతే మోచెయ్యి హారన్ మీద పడింది. సరిగ్గా అప్పుడే బంతి విసరబోతున్న అవతలి పిచ్చర్ ఉలిక్కిపడి దాన్ని తన కేచర్ నెత్తి మీదుగా ఎక్కడికో పారేశాడు. మూడో బేస్ మీద కాచుకుని ఉన్న మా రూబెన్ ఒక్క ఉరుకున వచ్చి, కొట్టేవాడు నుంచునే హోమ్ ప్లేట్ తొక్కాడు. ఒక్క పరుగుతో గెలిచాం. కుర్రాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి, ప్రపంచాన్ని జయించినట్టు పొర్లారు.

ఇక నుంచి బంతి వేసేటప్పుడు హారన్ కొడితే కారుతో సహా బయటికి పంపిస్తామని అంపైర్లు మైకులో చెప్పించారు. అక్కడితో అయిపోవాల్సిన ముచ్చట అది. కానీ ఆ రాత్రి వెండెల్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పోలీసు విచారణ చేశాడు. కారు ఎటు తిరిగి ఉంది, ఏ స్వెటరు వేసుకున్నాను, సాండ్‌విచ్‌లో ఆవపిండి ముద్ద వేశానా లేదా. నవ్వులాటకనుకుని అన్నీ చెప్పాను. తర్వాత ఆటకి నేను ఎప్పట్లా మెట్ల మీద కూర్చున్నాను, ఓడిపోయారు. ఆ తర్వాత ఆటకి ఆయన బతిమాలితే కారులో కూర్చున్నాను, గెలిచారు. మర్నాడూ గెలిచారు. ఇంకేముంది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. జట్టు గెలుస్తోంటే దేన్నీ మార్చకూడదన్నది బేస్‌బాల్ ఆడేవాళ్ళ వేదం. సాక్సులు ఉతకరు, గడ్డాలు గీయరు, అన్నం తినే చోటు మార్చరు. ఆ లెక్కన నేనూ ఒక సాక్సునయ్యాను.

ఏప్రిల్ నెల అలా గడిచింది. అదే మట్టిరంగు స్వెటరు, అదే గుడ్డు సాండ్‌విచ్, అటు తిరిగిన కారు. తల వెనక్కి తిప్పి చూడకూడదు, ఎందుకంటే ఆ మొదటి రోజు తిప్పలేదు. కారు కడగకూడదు. పిట్టలు వాటి పని అవి చేసుకుపోయాయి. బస్సు దిగిన కుర్రాళ్ళు ఒక్కొక్కడే వచ్చి కారు డిక్కీని అరచేత్తో తట్టి, కళ్ళకద్దుకున్నంత పని చేసి వెళ్ళేవారు. లోపల నేనున్నానని గుర్తొచ్చినవాడు, "నమస్తే కోచ్‌గారి భార్యగారూ" అనేవాడు. మిగతావాళ్ళకి కారు చాలు. వాళ్ళు గెలుస్తూనే పోయారు.

నాకు దక్కింది చెయ్యెడల్పు అద్దం. అద్దంలో అన్నీ తిరగబడతాయి. కుడిచేతి వాటం మా వాడు అందులో ఎడమచేత్తో కొట్టేవాడు. మొదటి బేస్ వైపు పరుగెత్తితే మూడో బేస్‌కి పోతున్నాడేమో, వీడికి దారి కూడా తెలీదా అనిపించేది. కేచర్‌గా కూర్చున్నప్పుడు ముఖానికి ఇనప ముసుగు, అది తీసే సమయానికి ఎవడో ఒకడు అడ్డమొచ్చేవాడు. మూడేళ్ళు బెంచీ మీద నిండుగా కనిపించిన నా కొడుకు, ఆడటం మొదలుపెట్టాక గోరంత అయిపోయాడు. లోపల రగిలిపోయేదాన్ని. ఎవరితో చెప్పుకోను? గెలుస్తున్నారు కదా.

పరాయి ఊళ్ళకి కూడా అదే కారు వేసుకుని బస్సు వెనకాలే వెళ్ళాలి. ఒక ఊళ్ళో లెఫ్ట్ ఫీల్డ్ కంచె అవతల సమాధుల తోట ఉంది. అక్కడే ఆపి సాండ్‌విచ్ విప్పాను. కాసేపటికి ఒక శవపేటిక, దాని వెనక నల్లబట్టల జనం వచ్చారు. నేనూ బంధువునే అనుకుని ఒక పెద్దావిడ కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, పోయినాయన నిన్ను తలుచుకునేవాడమ్మా అంది. తల వెనక్కి తిప్పకూడదు, నోట్లో గుడ్డు ఉంది. మంచి మనిషండీ అని నేనూ కళ్ళు తుడుచుకున్నాను. ఆరోజు మా వాళ్ళు భారీగా గెలిచారు. పోయినాయన ఆత్మకి శాంతి కలిగే ఉంటుంది.

ఈ పిచ్చిలో తెలివిగా మాట్లాడింది యోలాండా ఒక్కతే. రూబెన్ వాళ్ళమ్మ, మాంసం ఫ్యాక్టరీలో పొద్దున షిఫ్టు ముగించుకుని తిన్నగా మైదానానికి వచ్చేది. మొక్కజొన్న కండె ఆకుల్లో చుట్టి ఉడికించిన తమాలెలు రుమాలు కింద దాచి, ఎవరూ చూడకుండా నా కిటికీలోంచి అందించేది. "ఇది నమ్మకమూ కాదు, పాడూ కాదు లోర్నా," అంది ఒకరోజు. "నువ్వు అటు తిరిగి కూర్చుంటే మీ ఆయనకి ప్రశాంతంగా ఉంటోంది. ఆ ప్రశాంతతకే గెలుస్తున్నారు."

మే నెల వచ్చింది. సొంత మైదానంలో ఆఖరి ఆట ఒక్కటే మిగిలింది. అది గెలిస్తే సోరెన్ పుట్టకముందు ఎప్పుడో ఒకసారి వెళ్ళిన పెద్ద పోటీలకి మా కాలేజీ మళ్ళీ వెళుతుంది. ఆ రోజే, చదువు ఆఖరి ఏడాదిలో ఉన్న కుర్రాళ్ళకి వీడ్కోలు. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలుస్తారు. వాడు బెంచీ దగ్గర్నుంచి అమ్మని ఒక పక్క, నాన్నని ఒక పక్క పెట్టుకుని హోమ్ ప్లేట్ దాకా నడుస్తాడు. అక్కడ అమ్మ చేతికి ఒక పువ్వు ఇస్తాడు. వాడు రాసిచ్చిన నాలుగు మాటలు మైకులో చదువుతారు. అంతే. నాలుగేళ్ళ చలికీ, దుప్పట్లకీ, ఉతికిన బురద బట్టలకీ దొరికే కూలి ఆ ఒక్క పువ్వు. నేను నీలం గౌను కొనుక్కున్నాను. కారుకి కాదు, నాకు.

ఆ వారంలో వెండెల్ ఆ ఊసే ఎత్తలేదు. వంటింట్లో నా వెనకాల తిరిగాడు, గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ వెళ్ళిపోయాడు. వీడ్కోలు ముందురోజు సాయంత్రం నేను వాడి ఆట బట్టలు మడతపెడుతుంటే సోరెన్ వచ్చి తలుపుకి ఆనుకుని నుంచున్నాడు.

"అమ్మా, రేపు... కుర్రాళ్ళందరూ అడుగుతున్నారు."

"ఏమని?"

"నువ్వు కారులోనే ఉంటే బాగుంటుందని."

"కుర్రాళ్ళు అడుగుతున్నారా, నువ్వు అడుగుతున్నావా?"

వాడు నేల చూపులు చూశాడు. "నేను కూడా. ఒక్క రోజే కదమ్మా. గెలిస్తే పోటీలకి వెళతాం. నాకూ ఇదే ఆఖరు."

నాకూ ఇదే ఆఖర్రా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. నేను వెళ్ళి నుంచుని, వాళ్ళు ఓడిపోతే, బతికినంత కాలం ప్రతి థాంక్స్‌గివింగ్ పండక్కీ టర్కీ కోడితోపాటు ఆ మాట కూడా కోసి నా పళ్ళెంలో వడ్డిస్తారు. మా ఇంటి మగాళ్ళు నాకు తెలుసు. పైగా అడిగింది వాడు. తండ్రి అడిగితే ఒక చూపు చూసి పంపేసేదాన్ని. సరేలే నాన్నా అన్నాను. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మయ్య అన్నట్టు వాడి భుజాలు దిగాయి. నేను మడతపెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడతపెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం, ఎలాగూ ఎవరూ చూడరని, నీలం గౌను వేసుకుని దాని మీద మట్టిరంగు స్వెటరు తొడుక్కున్నాను. కారుని దాని పీఠం మీద ప్రతిష్ఠించాను. యోలాండా ఎర్రచీటీ గుడ్డ గౌనులో, జుట్టుకి క్లిప్పులు పెట్టుకుని వచ్చి కిటికీ కొట్టింది. "దిగు. నా పక్కన నడువు. ఎవడేమంటాడో నేను చూస్తా." వాడే అడిగాడని చెప్పాను. ఆమె రెండు తమాలెలు నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

అద్దంలో చూశాను. ఒక్కొక్క కుర్రాడూ అమ్మతో, నాన్నతో నడిచాడు. రూబెన్ యోలాండాకి పువ్వు ఇచ్చి తనే ఏడ్చేశాడు. ఆఖర్న మా వాడు. పక్కన వెండెల్ ఒక్కడు. సుద్దగీత దగ్గర కాలెత్తాడు, మా వాడూ ఎత్తాడు. అమ్మ ఉండాల్సిన పక్కన వాడి చెయ్యి ఒంటరిగా ఊగింది. ఆ చేతిలోనే పువ్వు ఉంది. మైకులో చదివారు. "మా అమ్మ లోర్నా నా ఆట ఒక్కటి కూడా వదలకుండా వచ్చింది. ఇప్పుడు కూడా లెఫ్ట్ ఫీల్డ్ వెనక కారులో ఉంది. మా విజయాలకి కారణం ఆమే."

జనమంతా ఇటు తిరిగి చప్పట్లు కొట్టారు. కుర్రాళ్ళు టోపీలు తీసి పట్టుకున్నారు. ఎవరికి? అంత దూరం నుంచి నేను కనిపించను, కనిపించేది డిక్కీ. పిట్టల రెట్టలతో నిండిన నా డిక్కీకి నాలుగువందలమంది చప్పట్లు కొట్టారు. జన్మ ధన్యమైంది. పువ్వుని ఏం చెయ్యాలో తెలీక సోరెన్ వాళ్ళ నాన్న చేతికిచ్చాడు. ఆయన దాన్ని ప్యాంటు వెనక జేబులో కుక్కుకున్నాడు.

స్వెటరు విప్పి వెనక సీట్లోకి విసిరేశాను. ఒంటికి మంటలంటుకున్నట్టుంది. సాండ్‌విచ్ అలాగే ఉంచి తమాలెలు రెండూ తిన్నాను. ఆట బాగానే మొదలైంది, మా వాళ్ళే ముందున్నారు. తర్వాత అవతలి వాళ్ళు అందుకున్నారు, దాటేశారు. ఆఖరి వంతు వచ్చేసరికి మా వాళ్ళు ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. ఇద్దరు అవుటయ్యారు. రూబెన్ ఒక్కడు రెండో బేస్ మీద నుంచున్నాడు. కొట్టాల్సినవాడు సోరెన్. బంతి కంచె దాటిందా రూబెన్‌తో కలిపి రెండు పరుగులొస్తాయి, పోటీలకి వెళతాం. అవుటయ్యాడా సీజనూ పోయె, వాడి ఆటా పోయె.

వాడి పేరు మైకులో వినిపించింది. అద్దంలోకి చూస్తే ఏముంది, ఎండ. సాయంత్రపు సూర్యుడు సరిగ్గా హోమ్ ప్లేట్ వెనక దిగి అద్దం నిండా కూర్చున్నాడు. కొడుకూ లేడు, మైదానమూ లేదు, కళ్ళలో పొడిచే వెలుగు. అద్దాన్ని ఇటు తిప్పాను, అటు తిప్పాను. నా మొహమే కనిపించింది. ఛీ, ఇదేం బతుకు అనుకున్నాను. వీణ్ణి కన్నది నేను. బెంచీ మీద మూడేళ్ళు చూసింది నేను. వీడు ఆఖరిసారి బ్యాట్ పట్టుకుంటే ఎండని చూస్తూ కూర్చోవాలా? తలుపు తీసి దిగాను. గడ్డిలో నడిచి వెళ్ళి కంచె వైరు రెండు చేతులతో పట్టుకుని, అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకోవడానికి ఒకటి వదిలి, తిన్నగా చూశాను.

దూరంగానే ఉన్నా నిండుగా ఉన్నాడు. వాళ్ళ తాతలాగా కాళ్ళు ఎడంగా పెట్టాడు. కుడిచేతి వాటం. బ్యాట్‌తో నేల మీద ఒకసారి తట్టి తలెత్తాడు. తలెత్తి అలాగే కాసేపు ఉన్నాడు. పిచ్చర్ విసిరాడు. మా వాడు కొట్టాడు.

దెబ్బ చప్పుడు కాస్త ఆలస్యంగా నా దగ్గరికి వచ్చింది. బంతి ముందే బయల్దేరింది. పైకి లేచి, లేచి, తిన్నగా నా వైపు. జనం లేచి నుంచున్నారు. అవతలి జట్టు లెఫ్ట్ ఫీల్డ్ కుర్రాడు వెనక్కి వెనక్కి పరుగెత్తుకొచ్చి నా ముందున్న కంచెకి వీపు ఆనించాడు. చెయ్యి చాపితే వాడి టోపీ అందుతుంది. మొటిమల మొహం, నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తున్నాడు. ఒక్క అరుపు అరిస్తే చాలు, ఉలిక్కిపడతాడు. నాలుగడుగుల్లో కారు, అందులో హారన్. అన్నీ తెలుసు నాకు. వాడూ ఎవరో తల్లి కొడుకే. ఆ తల్లి ఎక్కడో మెట్ల మీద కూర్చుని తిన్నగా చూస్తూ ఉంటుంది. నోరు మూసుకున్నాను.

వాడు ఎగిరి, కంచె పైనుంచి చెయ్యి ఇవతలికి చాపి బంతిని పట్టేశాడు. చేతి తొడుగు నా ముఖం ముందు నుంచే వెనక్కి వెళ్ళింది. దిగాక వెనక ఎవరో ఉన్నారని తెలిసి తిరిగి చూశాడు.

"సారీ మేడం," అన్నాడు.

"బాగా పట్టావు నాన్నా," అన్నాను. ఇంకేమంటాను, మర్యాద తప్పని అయోవాలో పెరిగినదాన్ని.

అవతలివాళ్ళు గంతులేశారు. మావాళ్ళు ఉన్నచోటే కూలబడ్డారు. కాసేపటికి వెండెల్ బెంచీ దగ్గర్నుంచి బయల్దేరాడు. అంతా అయిపోయాక కూడా గీత దగ్గర కాలెత్తి దాటాడు, గమనించాను. వెనకాలే సోరెన్, మిగతా కుర్రాళ్ళు కొందరు, యోలాండా. కంచె అవతల వచ్చి నుంచున్నారు.

"కారు దిగావా?" అన్నాడు వెండెల్.

"దిగాను."

"ఎప్పుడు?"

"వీడు కొట్టడానికి వచ్చినప్పుడు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "మూడంగుళాలు, లోర్నా. మూడంగుళాల్లో పోయింది."

కుర్రాళ్ళు నా వైపు చూడలేక నేల చూశారు. యోలాండా ఒక్కతే వెండెల్ వైపు చూసింది, అది ఆయన చూడకపోవడమే మంచిదయింది. నేను సోరెన్ వంక చూడటానికి భయపడ్డాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో వాడు ఒక్క మాట అని ఉంటే నా ప్రాణం పోయేది. వాడు టోపీ తీసి, మట్టి కొట్టుకుపోయిన మొహం చేత్తో తుడుచుకున్నాడు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"మొత్తం?"

"మొత్తం చూశాను. తిన్నగా చూశాను. నువ్వు కుడిచేత్తో కొడతావని మర్చిపోయాన్రా."

వాడు నవ్వబోయాడు, అది ఎటో వెళ్ళిపోయింది. "నేను కూడా చూశాను నిన్ను. బంతి రాకముందే. నీలం గౌను."

"మరి కారెక్కమని చెయ్యి ఊపలేకపోయావా?"

"ఊపొచ్చు." వాడు కంచె వైరులోంచి వేళ్ళు ఇవతలికి పెట్టాడు. "ఊపాలనిపించలేదు. నువ్వక్కడ నుంచున్నావని అటే కొట్టాను."

ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు, ఎందుకు ఆపుకోవాలి? వెండెల్ ఆ మాట విన్నాడు. నోరు తెరిచాడు, మూడంగుళాల గురించే ఇంకేదో అనబోయాడనుకుంటాను, కొడుకు మొహం చూసి మూసేశాడు.

"నాన్నా, పువ్వేదీ?" అన్నాడు సోరెన్.

మైదానంలో వాడు ఆయన్ని నాన్నా అనడం అదే మొదలు. వెండెల్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వెనక జేబులోంచి తీశాడు. ఆట మొత్తం దాని మీదే కూర్చున్నాడు మహానుభావుడు. అప్పడంలా అణిగిపోయింది. సోరెన్ దాన్ని తీసుకుని, కంచె మీంచి ఇవ్వబోయి ఆగాడు. ఇలా కాదు, చుట్టూ తిరిగి రా అన్నాడు.

మూలన ఉన్న గేటులోంచి లోపలికి వెళ్ళాను. బెంచీ దగ్గర నుంచి మొదలుపెట్టాలన్నాడు వాడు, మొదలుపెట్టాం. నేను ఒక పక్క, వెండెల్ ఒక పక్క, మధ్యలో వాడు. మైకు లేదు. జనం అప్పటికే కార్లెక్కుతున్నారు. యోలాండా, రూబెన్ మాత్రం ఉండిపోయి, నలుగురికి సరిపడా చప్పట్లు కొట్టారు.

సుద్దగీత వచ్చింది. వెండెల్ కాలెత్తి దాటాడు. సోరెన్ కూడా అలవాటుగా దాటాడు. నేను ఆగి, గీతని తెల్లగా ఉన్నచోట బాగా చూసుకుని, దాని మీద నా చెప్పు పూర్తిగా ఆనించి అడుగేశాను. చెప్పుకి సుద్ద అంటుకుంది. వెండెల్ ఊపిరి బిగబట్టాడు కానీ ఏమీ అనలేదు. ఇంక ఓడిపోవడానికి ఆటలేవీ మిగల్లేదు కదా.